పొద్దుటి అప్పగింతలు

పెళ్ళికి పోతే చాలామంది తలంబ్రాలు చూసి, భోంచేసి, కట్నం చదివించి వచ్చేస్తారు. నేను అప్పగింతల దాకా ఉంటాను. రాత్రి లగ్గమైతే అప్పటికి తెల్లారబోతుంటుంది. పందిట్లో సగం లైట్లు ఆర్పేసి ఉంటారు. పిల్లలు కుర్చీల మీద అడ్డదిడ్డంగా నిద్రపోతుంటారు. వెనకాల వంటవాళ్ళు గంగాళాలు కడుగుతున్న చప్పుడు. ఆ వేళ తల్లి పాలగిన్నెలో బిడ్డ చెయ్యి ముంచి, ఆ తడిచేతిని తీసి అత్త చేతిలో పెడుతుంది. ఎంత మాటకారి తల్లయినా అప్పుడు పెద్ద మాటలు చెప్పదు. “ఆకలైతే అడగది వదినా, మీరే చూసి పెట్టాలె” అంటుంది. “ఉరుమంటే భయం, పక్కన ఎవరన్నా ఉండాలె” అంటుంది. ఇరవై ఏళ్ళ పెంపకమంతా అలాంటి ఒకటి రెండు చిన్న మాటల్లోకి ఒదిగిపోతుంది.

ఆ చిన్న మాటల కోసమే నేను ఆగుతాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్న పనీ అదే కనుక. నైట్ డ్యూటీ చేసిన ప్రతి పొద్దునా ఎనిమిది గంటలకు వార్డులో నిలబడి, రాత్రంతా నా చేతుల్లో ఉన్న మనుషుల్ని ఇంకొకరి చేతుల్లో పెట్టాను. దాన్ని హ్యాండోవర్ అని నేర్పారు. మాలో మేము ఓవర్ ఇవ్వడం అనుకుంటాం. నా మనసుకు మాత్రం అప్పగింత అన్న మాటే పట్టింది.

డ్యూటీ దిగి గేటు దాటే నర్సు ముఖంలో ఎవరికైనా నిద్రే కనిపిస్తుంది. “రాత్రంత మేలుకున్నరు, పోయి పండుకోండి సిస్టర్” అంటారు చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డ పేషెంట్ల తాలూకు వాళ్ళు. వాళ్ళ మాటలో ప్రేమ ఉంది, నిజమూ ఉంది. కాని అది నిద్ర ఒక్కటే అయితే మంచం మీద వాలగానే తీరిపోవాలి. తీరదు. కళ్ళు మూసుకుంటే వార్డే కనిపిస్తుంది. ఆ వేళ మా లోపల ఏం జరుగుతుందో అర్థం కావడానికి నాకే చాలా ఏళ్ళు పట్టింది.

మాది ఆర్మూరు. నిజామాబాద్ జిల్లాలో పసుపు అనగానే తలుచుకునే ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో తొలకరికి నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి, సంక్రాంతి దాటాక తవ్వకానికి వస్తుంది. అక్కడి నుంచి మార్చి దాకా ఎటు పోయినా పసుపు ఉడికే వాసన, కళ్ళాల్లో ఆరబోసిన కొమ్ములు, పాలిష్ డ్రమ్ముల చప్పుడు. ఆ మూడు నెలలూ దవాఖానకు వచ్చే దెబ్బలు కూడా పసుపు దెబ్బలే. పాదం మీద గడ్డపార దిగినవాళ్ళు, ఉడకబెట్టేటప్పుడు ఆవిరి కొట్టి చేతులు బొబ్బలెక్కినవాళ్ళు, రోజంతా వంగి కొమ్ములు విరిచి నడుము పట్టేసిన ఆడవాళ్ళు.

గాయమైతే ముందు చేసే వైద్యం అందరికీ తెలిసిందే. గుప్పెడు పసుపు తీసి గాయంలో నొక్కి, గుడ్డ చింపి కట్టి, ఆటో ఎక్కుతారు. ఒక ఫిబ్రవరి రాత్రి పదకొండింటికి అలా వచ్చిన ఒకామె పాదాన్ని సెలైన్ పోసి కడిగాను. నీళ్ళు మొదట ఎర్రగా, తర్వాత పచ్చగా, ఆ తర్వాత మట్టిరంగులో కారాయి. ఫోర్సెప్స్‌తో ఒక్కో మట్టిపెళ్ళా తీశాక అసలు గాయం బయటపడింది. బొటనవేలి పక్కన రెండంగుళాల చీలిక. డ్యూటీ డాక్టరు కుట్లు వేయబోతుంటే, ఆమె గ్లోవ్స్ తీసేసిన నా చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది. “రేపు కూలోళ్ళు పదిమంది వస్తరు బిడ్డా, వాళ్ళకు బువ్వ ఎవరు వండాలె” అని ఒకటే మాట. నొప్పి గురించి ఒక్కసారీ అనలేదు. పొద్దున ఓవర్ తీసుకోవడానికి వచ్చిన సిస్టర్ కేస్ షీటు కంటే ముందు నా చెయ్యి చూసింది. మణికట్టు మీద నాలుగు వేళ్ళ ముద్ర పచ్చగా ఉంది. రాత్రి రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. “పసుపు కేసు వచ్చిందా అక్కా?” అని అడిగింది. నేను ఆమె గురించి చెప్పడం అక్కడి నుంచే మొదలుపెట్టాను.

మాకు పొద్దుటి డ్యూటీ ఆరు గంటలు, మధ్యాహ్నం డ్యూటీ ఆరు గంటలు, రాత్రిది పన్నెండు. ఎనిమిదికి ఎక్కితే మళ్ళీ ఎనిమిదికే దిగడం. పది గంటలకు మందులు, పదకొండుకు లైట్లు తగ్గించడం, పన్నెండు దాకా పని మీద కాలం తెలియకుండానే పోతుంది. అసలు రాత్రి రెండు తర్వాత మొదలవుతుంది. వార్డులో సెలైన్ చుక్కలు, ఎవరిదో దగ్గు, పైన ఫ్యాను. దూరంగా 44వ నంబరు రోడ్డు మీద కన్యాకుమారి వైపూ శ్రీనగర్ వైపూ పోయే లారీల మోత. మబ్బుల నాలుగింటికి ఒళ్ళు ఒక్కసారి చల్లబడుతుంది. ఎండాకాలమైనా స్వెట్టర్ కావాలనిపిస్తుంది. పెన్ను పట్టిన వేళ్ళకు మన అక్షరం మనదిగా ఉండదు.

మొదట్లో అది నా బలహీనత అనుకునేదాన్ని. ఒంట్లో ఒక గడియారం ఉంటుందని, తెల్లవారుజామున శరీరపు వేడి రోజు మొత్తంలో అడుగుకు దిగుతుందని, ఆ వేళ నిద్రమాత్ర మింగినట్టుగా మెలటోనిన్ రక్తంలో తిరుగుతుంటుందని తర్వాత తెలిసింది. పండ్ల ఈగల మీద ఏళ్ళ తరబడి పని చేసి, ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో విప్పి చెప్పిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు కొండంత ఊరట కలిగింది. నాలుగింటికి నా చెయ్యి వణకడం నా తప్పు కాదన్నమాట. అయితే ఊరట కలిగినంత మాత్రాన బాధ్యత తగ్గదు. నా చెయ్యి తడబడే వేళే ఇన్సులిన్ మోతాదు చూడాల్సిన వేళ కూడా. అందుకే ఆ గంటలో ప్రతి సూదీ రెండుసార్లు చదువుకుంటాం, సీసా మీద పేరు పైకి వినపడేలా అనుకుంటాం.

ఆ గంటలోనే మనుషులు మాట్లాడతారు. పగలు డాక్టర్లకూ చుట్టాలకూ చెప్పనివి చీకట్లో నర్సుకు చెబుతారు. పెద్దకొడుకు మాట్లాడక మూడేళ్ళయిందని ఒక తాత చెప్పాడు. ఆపరేషన్ కంటే అప్పుకే ఎక్కువ భయపడుతున్నానని ఒక రైతు చెప్పాడు. రెండోసారీ ఆడపిల్లే పుట్టిన ఒక బాలింత గోడవైపు తిరిగి ఏడ్చింది. బిడ్డకు పాలు పట్టడం లేదని కేస్ షీటులో ఉంది. ఎందుకు పట్టడం లేదో అందులో లేదు. చార్టులో జ్వరానికి గడి ఉంది, నాడికి గడి ఉంది, ఊపిరికి గడి ఉంది. తాత మూడేళ్ళకూ, రైతు అప్పుకూ, ఆ పిల్ల కన్నీళ్ళకూ గడి లేదు. అవి నర్సు ఒంట్లోనే ఉండిపోతాయి.

అయిదు గంటలకు మళ్ళీ పని పరుగు. బీపీలు, జ్వరాలు, రక్తం తీయడం, మూత్రపు సంచుల కొలతలు, రాత్రంతా ఎక్కిన సెలైన్ ఎంత, తాగిన నీళ్ళు ఎంత, బయటికి పోయింది ఎంత అని లెక్క కట్టడం, ఆరు గంటల సూదులు, దుప్పట్లు మార్చడం, రిపోర్టు పుస్తకం రాయడం. ఏడు దాటాక సిద్ధులగుట్ట నల్లరాళ్ళ మీద ఎండ పడుతుంది. ఆ గుట్ట మా ఊరికి గడియారం లాంటిది. పై రాళ్ళు వెలిగాయంటే ఇంకో గంటలో డ్యూటీ దిగుతామని లెక్క. అప్పటి నుంచి కళ్ళు గేటు మీదే. పొద్దుటి సిస్టర్ లోపలికి వస్తుంటే ఆ ముఖం చూసినప్పుడు కలిగే సంతోషం ఇంకెక్కడా కలగదు. స్నానం చేసిన ముఖం, ఇస్త్రీ బట్టలు, తలలో నూనె వాసన. బయట ఒక లోకం సవ్యంగానే నడుస్తోందని ఆమె వెంట కబురు వచ్చినట్టు ఉంటుంది.

ఆ సంతోషం వెనకాలే భయం వస్తుంది. ఇప్పుడు అన్నీ చెప్పాలి. ఏదీ మరిచిపోకూడదు.

ఇద్దరం కలిసి మంచం మంచం తిరుగుతాం. పేషెంటు పేరు, ఏ జబ్బు, ఎన్నో రోజు, రాత్రి ఎలా గడిచింది, ఏ మందు ఇచ్చాం, ఏది మిగిలింది, ఏ రిపోర్టు రావాలి. సెలైన్ పెట్టిన చెయ్యి వాచిందా అని దుప్పటి తొలగించి చూపిస్తాం. అల్మారా తాళాలు, ఎమర్జెన్సీ ట్రేలో ఇంజెక్షన్ల లెక్క, ఆక్సిజన్ సిలిండరు ముల్లు ఎక్కడుందో అప్పజెబుతాం. అప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. పన్నెండు గంటలు మెల్లగా, బతిమాలుతూ మాట్లాడిన గొంతు ఒక్కసారిగా లెక్కలు చెప్పే గొంతు అవుతుంది. పేషెంట్లు మంచాల మీద నుంచి వింటుంటారు. తమ రాత్రిని ఎవరో నాలుగు ముక్కల్లో చెప్పేస్తుంటే కొందరు నావైపు చూస్తారు. “పోతున్నవా బిడ్డా?” అని ఒక అవ్వ అడుగుతుంది. “రాత్రికి వస్త అవ్వా” అంటాను. ఆ మాట నోటి నుంచి రావడం ఎంత బరువో, అవ్వ చెయ్యి పట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

సంతకం పెట్టాక నేను పోవచ్చు. కాని కాళ్ళు కదలవు. ఒక దుప్పటి సర్దుతాను, ఒక సీసా మూత బిగిస్తాను, గుమ్మం దాకా పోయి వెనక్కి చూస్తాను. ఇలా ఎందుకు చేస్తున్నానా అని ఆలోచిస్తే మా బాపు గుర్తొచ్చాడు.

మా బాపు పసుపు రైతు. ఆర్మూరు చుట్టుపక్కల పంట ఎక్కువగా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతుంది. ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకుపోయేవాళ్ళూ ఉన్నారు. చిన్నప్పుడు బాపు వెంట నేను యార్డుకు పోయేదాన్ని. రాత్రి కుప్ప పక్కనే గోనెసంచుల మీద పడుకోవడం. నేను నిద్రపోయేదాన్ని, ఆయన పోయేవాడు కాదు. మంచు పడుతుందని పట్టా సర్దుతూ, పశువులు వస్తాయని అదిలిస్తూ, చెయ్యి పెట్టి కొమ్ములను తడుముతూ ఉండేవాడు. తెల్లారి కొనేవాళ్ళు వచ్చి, కొమ్ము విరిచి లోపలి రంగు చూసి ధర కట్టేవాళ్ళు. కాంటా అయ్యేది. పట్టీ చేతికి వచ్చేది. అయినా బాపు కదిలేవాడు కాదు. హమాలీలు ఆఖరి సంచి కుట్టి ఎత్తేదాకా అక్కడే. “కాంటా అయింది కదా బాపూ, ఇంక పోదాం” అని చెయ్యి పట్టి లాగితే, “ఆగు బిడ్డా, సక్కగ పోయిందా లేదా సూడాలె కదా” అనేవాడు. డబ్బులు లెక్కపెట్టుకున్నాక ఇంక ఏం చూస్తాడా అనుకునేదాన్ని. మొదటి నైట్ డ్యూటీ దిగిన పొద్దున అర్థమైంది. తొమ్మిది నెలలు కాపు కాసిన చేతులకు, కాంటా అయిందన్న సంగతి వెంటనే తెలియదు.

ధర సరిగా రాని ఏళ్ళే ఆయన ఎక్కువ చూశాడు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేస్తే, వాళ్ళలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర కావాలని అలా నిలబడ్డారు. బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్‌లో మొదలైంది. అప్పటికి బాపు లేడు. ఆయన తరం అడిగినది తర్వాతి తరం చేతికి వచ్చింది. కొన్ని అప్పగింతలకు అంత కాలం పడుతుంది.

నా కాళ్ళు గుమ్మం దగ్గర ఆగడానికి బాపు ఒక్కడే కారణం కాదు. నా తప్పు ఒకటి ఉంది.

చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పుడు వేరే ఊళ్ళో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చేసేదాన్ని. రాత్రి ముప్పై మంచాలకు నేనొక్కదాన్ని, తోడుగా ఒక ఆయా. నిమ్ముతో చేరిన ఒక ముసలమ్మకు ఆ రాత్రి జ్వరం తగ్గింది. ఆమెకు ఎడమ చెవి పూర్తిగా వినపడదని నాకు ఒంటిగంటకు తెలిసింది. ఎడమ పక్కన నిలబడి ఎంత పిలిచినా కదలదు. తలవైపు నుంచి వంగి కుడి చెవి దగ్గర మెల్లగా “అవ్వా” అంటే, “ఆఁ బిడ్డా” అని వెంటనే పలుకుతుంది. ఆమె మంచం కుడివైపు గోడకు ఆనుకొని ఉంది. వచ్చినవాళ్ళంతా ఎడమవైపు నుంచే వస్తారు. ఈ మాట పొద్దున తప్పకుండా చెప్పాలి అనుకున్నాను. ఏడున్నరకు యాక్సిడెంట్ కేసు వచ్చింది. ఆ రక్తంలో, ఆ అరుపుల్లో ఓవర్ ఇచ్చాను. జ్వరం చెప్పాను, మందులు చెప్పాను. చెవి సంగతి చెప్పలేదు.

బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. ఒక స్టేజీ దగ్గర కండక్టరు నన్ను పిలుస్తున్నాడు. నా కుడి చెవి కిటికీకి నొక్కుకొని ఉంది, బస్సు మోతలో ఆయన మాట ఎక్కడో దూరంగా ఉంది. ఉలిక్కిపడి లేచాను. ఆ లేవడంలోనే గుర్తొచ్చింది. అక్కడే దిగి ఎస్‌టీడీ బూత్ వెతుక్కొని ఫోన్ చేశాను. అప్పటికే అక్కడ, పేషెంటు పిలిస్తే పలకడం లేదని రాశారు. మెదడుకేదో అయిందని, స్కానింగ్‌కు హైదరాబాద్ తీసుకుపొమ్మని చెప్పారు. కొడుకు డబ్బు కోసం ఊరికి మనిషిని పంపాడు. జీపు వచ్చి నిలబడింది. “కుడిచెవి దగ్గరికి పోయి పిలువు” అన్నాను. సిస్టర్ రిసీవర్ బల్ల మీద పెట్టి పోయింది. బూత్‌లో మీటరు తిరుగుతోంది. ఆమె తిరిగి వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను. “పలికిందక్కా. చాయ్ అడుగుతుంది” అంది. ఫోన్ పెట్టేసి ఆ బూత్‌లోనే గోడకు ఆనుకొని ఏడ్చాను. ఒక్క మాట. ఆ ఒక్క మాట నాతోపాటు బస్సెక్కి వచ్చేసినందుకు ఒక ఇంటి పుస్తెలతాడు తాకట్టుకు పోయేది.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే అందరికీ దీపం పట్టుకొని రాత్రిళ్ళు తిరిగిన మనిషి గుర్తొస్తుంది. 1859లో ఆమె రాసిన నోట్స్ ఆన్ నర్సింగ్ పుస్తకంలో చిన్న చిన్న పనుల నిర్వహణకే ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. మనం ఉన్నప్పుడు జరిగే మంచి మనం లేనప్పుడు కూడా జరిగేలా చూడటమే ఆ అధ్యాయం సారం. దీపం పట్టుకొని తిరగడం ఎంత గొప్పో, తెల్లారి ఆ దీపం ఇంకొకరి చేతికివ్వడం కూడా అంతే గొప్పని ఆమెకు తెలుసు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో మాట పొల్లుపోకుండా చేరవేయడానికి పుట్టిన పద్ధతే ఎస్‌బార్ పేరుతో దవాఖానలకు వచ్చింది. ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనకటి సంగతి ఏమిటి, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి అన్న నాలుగు మెట్లు. 2014లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల ఆసుపత్రి విభాగాల్లో జూనియర్ డాక్టర్ల అప్పగింతను ఇలాంటి ఒక పద్ధతిలో పెట్టి చూస్తే, వైద్యంలో తప్పులు 23 శాతం తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. చెప్పాల్సింది చెప్పారు, విన్నవాళ్ళు తిరిగి చెప్పారు, అంతే.

ఆ నాలుగు మెట్లలో నాకు ఎక్కువ ఇష్టమైంది మూడోది. నాకేమనిపిస్తోంది అన్నది. రాత్రంతా పక్కన ఉన్న మనిషికి అనిపించినదానికి కూడా ఒక గడి దొరికింది.

అయితే ఏ పద్ధతిలోనూ గడి దొరకని అప్పగింత ఒకటి ఉంది. రాత్రి పోయిన మనిషిది.

తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒక మంచం ఖాళీ అవుతుంది. ట్యూబులు తీస్తాం, కళ్ళు మూస్తాం, ముఖం తుడుస్తాం, గడ్డం కిందుగా గుడ్డ కడతాం. దుప్పటి మార్చి కొత్తది పరుస్తాం. ఎనిమిదింటికి ఓవర్ ఇస్తూ ఆ మంచం దగ్గరికి వస్తే, ఒక వాక్యం, ఒక సమయం. వింటున్న సిస్టర్ రాసుకొని తల ఊపుతుంది. ఏమీ అడగదు. ఇద్దరం ఒక్క క్షణం ఆ తెల్లదుప్పటి చూసి పక్క మంచానికి పోతాం. ఆ మనిషి ఆఖరున నీళ్ళు అడిగాడని, భార్య పేరు పిలిచాడని ఎవరికి అప్పగించాలి? ఇంటివాళ్ళకు చెప్పాను కొన్నిసార్లు. “మీ పేరే పిలిచిండమ్మా” అంటే ఆమె నా రెండు చేతులూ పట్టుకొని కూలబడింది. ఆ మాట చెప్పినందుకు ఆమె నన్ను ఏళ్ళ తరబడి తలుచుకుంది. చెప్పడానికి ఎవరూ రానివాళ్ళ మాటలు మాత్రం నా దగ్గరే ఉన్నాయి.

నైటింగేల్ పుట్టి 200 ఏళ్ళయిందని 2020ని నర్సుల, మిడ్‌వైఫ్‌ల సంవత్సరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ ఏడే కరోనా వచ్చింది. మరుసటి ఏడు వేసవిలో, పీపీఈ కిట్ల లోపలి నుంచి ఒకరి మాట ఒకరికి వినపడక, వేళ్ళతో అంకెలు చూపిస్తూ ఓవర్ ఇచ్చుకున్నాం. ఖాళీ అయిన మంచానికి ఏ వేలు చూపించాలో తెలియక అరచెయ్యి మంచం మీద ఆనించేవాళ్ళం. ఎదుటి సిస్టర్‌కు అర్థమయ్యేది.

గేటు బయట ఎండ కళ్ళలో పొడుస్తుంది. బడి పిల్లలు, పాలబండ్లు, చాటలు సంకన పెట్టుకొని బీడీలు చేయడానికి ఒకచోట చేరుతున్న ఆడవాళ్ళు. ఊరంతా పొద్దులోకి పోతుంటే నేనొక్కదాన్నే రాత్రిని మోసుకొని ఎదురు నడుస్తున్నట్టుంటుంది. మా వార్డులో ఒక చెల్లె భర్త దుబాయిలో ఉంటాడు. మా దగ్గర ఎనిమిదైతే అక్కడ ఆరున్నర. ఆమె డ్యూటీ దిగే వేళా, అతను కంపెనీ బస్సెక్కే వేళా ఒకటే. గేటు పక్కన వేపచెట్టు కింద నిలబడి రెండు నిమిషాలు మాట్లాడుతుంది. “తిన్నవా?” “తిన్న. నువ్వు?” “ఇంటికి పోయి తింట.” బస్సు కదులుతుంది, ఫోన్ ఆగుతుంది. రోజును ఒకరి నుంచి ఒకరు అందుకున్నట్టుగా ఉంటుంది నాకు వాళ్ళను చూస్తుంటే.

ఇంటికి పోతే పగటి నిద్ర. అది రాత్రి నిద్రకు సాటి రాదు. కిటికీకి దుప్పటి కట్టినా వెలుతురు వస్తుంది, కూరగాయల బండి వస్తుంది, కరెంటు పోతుంది, ఇంటి పని పిలుస్తుంది. “పట్టపగలు పండుకుంటది” అన్న మాట ప్రతి నైట్ నర్సూ ఏదో ఒక వాకిట్లో వినే ఉంటుంది. రాత్రి పని బహుశా క్యాన్సర్‌కు దారితీయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్ళీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. మమ్మల్ని దేవతలని పొగుడుతుంటే నాకు మనసు నొచ్చేది ఇందుకే. దేవతలకు నిద్ర అక్కర్లేదు. మాకు కావాలి. ఇంట్లో ఒక చీకటి గది, ఆ ఆరు గంటలు తలుపు తట్టని మనుషులు, డ్యూటీ దిగే వేళ తప్పకుండా వచ్చే తోటి నర్సు, రాత్రి వార్డుకు సరిపడా చేతులు. ఇవి ఇస్తే చాలు, పొగడ్త లేకున్నా పని జరుగుతుంది.

రెండేళ్ళుగా నాకు నైట్ డ్యూటీలు లేవు. ఇప్పుడు నేను పొద్దున స్నానం చేసి, తలకు నూనె రాసుకొని గేటు లోపలికి వచ్చే మనిషిని. ఇవ్వడమే కష్టమనుకున్నాను ఇన్నాళ్ళూ. తీసుకోవడంలోనే ఎక్కువ ఉందని ఇక్కడికి వచ్చాక తెలిసింది. అప్పగింతల్లో తల్లి ఎంత చెప్పినా, అత్త చెయ్యి చాపితేనే కదా ఆ పని పూర్తయ్యేది.

2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలిచ్చారు. వాళ్ళలో ఒక పిల్ల మా వార్డుకు వచ్చింది. మొదట్లో ఓవర్ ఇస్తుంటే పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేది. అంతా విన్నాక నేను ఒక మాట అడిగేదాన్ని. “రాయనిది ఏమన్న ఉన్నదా బిడ్డా?” “లేదు మేడం” అనేది. రోజూ అడిగాను. కొన్నాళ్ళకు ఆగి ఆలోచించడం మొదలుపెట్టింది. తర్వాత ఒకటీ రెండూ చెప్పసాగింది. ఆ తాతకు చీకటంటే భయం మేడం. ఈమెకు భర్త వస్తే బీపీ పెరుగుతుంది మేడం.

పోయిన చలికాలంలో ఒక పొద్దున ఆమె ఓవర్ ఇస్తుంటే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి ఒక మంచం ఖాళీ అయింది. ఆమె చేతుల్లో అది మొదటిసారి. ఒక వాక్యం, ఒక సమయం చెప్పి ఊరుకుంది. నేను పక్క మంచానికి పోలేదు. “ఆఖరున ఏమన్న అన్నడా?” అని అడిగాను. ఆమె చెప్పింది. ఇద్దరం నిలబడి ఉన్నాం, పొద్దుటి పనులు ఒక అయిదు నిమిషాలు ఆగాయి. ఆ అయిదు నిమిషాలకు ఏ చార్టులోనూ లెక్క లేదు.

సంతకం పెట్టి, చేతులు కడుక్కొని, సంచి భుజాన వేసుకొని ఆమె వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తున్నాను. గేటు దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి గబగబా వచ్చింది.

“అక్కా,” అంది. మేడం అనలేదు. “ఆరో మంచం అవ్వ ఉత్త చాయ్ తాగది. బిస్కెట్ ముంచి నోటికి పెడితె తింటది. గోలీ కూడ దాంట్లనే ఎయ్యాలె, లేకుంటె ఉమ్మేస్తది.”

“నేను చూసుకుంట. నువ్వు పో, పోయి పండుకో” అని చెయ్యి చాపాను. ఆమె తన చెయ్యి నా చేతిలో పెట్టింది. ఇప్పుడే కడుక్కున్న చెయ్యి, ఇంకా తడిగా ఉంది.

చాయ్ పోయించుకొని, రెండు బిస్కెట్లు తీసుకొని ఆరో మంచం దగ్గరికి నడిచాను.